ఆట దేనికి లెక్క కడుతుంది?

మియాపూర్‌లో మా ఫ్లాట్. శనివారం రాత్రి పదకొండు దాటింది. డైనింగ్ టేబుల్ మీద అరడజను కాగితాలు, రెండు పెన్సిళ్లు, రకరకాల డైస్, తినగా మిగిలిన మిర్చి బజ్జీలు. మా బావ ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాడు. ఆ రాత్రి మేం ఆడుతున్న ఆటలో మాత్రం తను 1920ల నాటి అమెరికాలో ఒక రిటైర్డ్ ప్రొఫెసర్. లాంతరు పట్టుకుని ఒక పాడుబడ్డ ఇంటి నేలమాళిగలోకి దిగాడు. గోడవారన ఏదో ఆకారం వంగి కూర్చుని తింటోంది. చప్పుడికి అది తలెత్తింది.

"మతి స్థిమితం మీద రోల్ చెయ్యి బావా" అన్నాను.

ప్రొఫెసర్ స్థిమితం 60. నూటికి లెక్కపెట్టే డైస్ వేస్తే 74 పడింది. 60 దాటింది కాబట్టి తప్పినట్టే. ఎంత పోయిందో తేల్చడానికి మామూలు ఆరు ముఖాల డైస్ వేశాడు, 5 పడింది. ఒక్క దెబ్బకు 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పోతే అక్కడితో ఆగదు. తెలివి మీద ఇంకో రోల్ ఉంటుంది. ప్రొఫెసర్ తెలివి 80. పడింది 33.

"హమ్మయ్య, ఇదైనా గెలిచాను" అన్నాడు బావ.

"గెలిచావు కాబట్టే నీకు మతి పోయింది."

"అదేం రూలు? మరి ఓడిపోతే?"

"ఓడిపోతే నువ్వు చూసిందేమిటో నీకు పూర్తిగా అర్థమయ్యేది కాదు. మనసు దాన్ని ఎక్కడో పాతిపెట్టేసేది. ఇప్పుడు అర్థమైంది."

బావ కాసేపు కాగితం వంకే చూశాడు. తర్వాత 60 కొట్టేసి 55 వేశాడు. ఎవరూ మాట్లాడలేదు. అంతవరకూ నేను నేలమాళిగ గురించి, ఆ వాసన గురించి చాలాసేపు వర్ణించాను. దానికి ఎవరూ భయపడలేదు. ఈ రూలుకు భయపడ్డారు. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అనే దాన్ని ఎలా తయారుచేస్తారు, అందులోకి కథ, భావం ఎక్కడినుంచి వస్తాయి అని నన్ను ఎవరైనా అడిగితే మొదట ఈ రూలే గుర్తొస్తుంది.

ఈ ఆటలు ఎప్పుడూ ఆడని వాళ్ల కోసం రెండు మాటలు. చిన్నప్పుడు దొంగ పోలీస్ ఆడుకున్నాం కదా. "ఠప్, నీకు తగిలింది", "తగల్లేదు, నేను పక్కకు తప్పుకున్నా" అని గొడవ పడేవాళ్లం. ఆ గొడవ తీర్చడానికి ఒక మధ్యవర్తి, కొన్ని రూల్స్, డైస్ పెట్టుకుంటే అదే రోల్ ప్లేయింగ్ గేమ్. ఒకరు గేమ్ మాస్టర్‌గా కూర్చుని లోకాన్ని, అందులోని మనుషుల్ని నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. ఫలితం అనుమానంగా ఉన్నచోట డైస్ వేస్తారు. గెలుపోటములు ఉండవు. ఒక కథ రాత్రికి అయిపోవచ్చు, రెండేళ్లు సాగవచ్చు.

దీని పుట్టుక యుద్ధపు ఆటల్లో ఉంది. 1824లో ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకు మ్యాపులు, డైస్, ఒక మధ్యవర్తితో ఆడే యుద్ధక్రీడను వాడుకలోకి తెచ్చింది. అక్కడినుంచి అది అభిరుచిగా మారి, బొమ్మ సైనికులతో ఆడేవాళ్ల చేతుల్లోకి వచ్చింది. 1969 ప్రాంతంలో మినెసోటాలో డేవిడ్ వెస్లీ అనే ఆయన నెపోలియన్ కాలపు జర్మన్ ఊరు ఒకటి కల్పించి, ఆటగాళ్లకు సైన్యాలకు బదులు మనుషుల్ని ఇచ్చాడు: ఒకరు మేయరు, ఒకరు బ్యాంకరు, ఒకరు విశ్వవిద్యాలయం పెద్ద. వాళ్లు పక్క గదుల్లోకి వెళ్లి గుసగుసలాడుకున్నారు, ద్వంద్వ యుద్ధానికి సవాళ్లు విసురుకున్నారు. ఆట చెయ్యి దాటిపోయిందని, చెడిపోయిందని వెస్లీ అనుకున్నాడు. ఆడినవాళ్లు మళ్లీ ఎప్పుడని అడిగారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ అదే పద్ధతిని కోటలు, నేలమాళిగలు, రాక్షసుల లోకానికి తీసుకెళ్లాడు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా ఊళ్లో ఉండే గ్యారీ గైగాక్స్‌తో కలిశాడు. 1974లో మూడు చిన్న పుస్తకాలు పెట్టిన ఒక పెట్టె వెయ్యి కాపీలు అచ్చయింది. అదే డంజన్స్ అండ్ డ్రాగన్స్.

దీనికి స్ఫూర్తి ఎక్కడిది అంటే చాలామంది వెంటనే 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ పేరు చెబుతారు. మరుగుజ్జులు, ఎల్ఫులు ఉన్నారు కాబట్టి ఆ మాట తప్పు కాదు. మొదట్లో టోల్కీన్ సృష్టించిన పొట్టి మనుషులు, హాబిట్లు కూడా ఉండేవాళ్లు, హక్కుదారులు అభ్యంతరం చెప్పాక ఆ పేరు మార్చారు. కానీ గైగాక్స్ 1979లో రాసిన గేమ్ మాస్టర్ల పుస్తకం చివర, తనను ప్రభావితం చేసిన రచయితల జాబితా ఒకటి ఇచ్చాడు. అందులో టోల్కీన్ చాలామందిలో ఒకడు. జాక్ వాన్స్, రాబర్ట్ హోవర్డ్, ఫ్రిట్జ్ లీబర్, పోల్ ఆండర్సన్ లాంటి పేర్లు వరసగా ఉంటాయి. ఈ జాబితాను నేను ఇష్టంగా చూసేది పేర్ల కోసం కాదు. ఆ పుస్తకాల్లోంచి ఏది ఆటలోకి ఎలా వచ్చిందో చూస్తే మతిపోతుంది. వాన్స్ కథల్లో మాంత్రికుడు ఒక మంత్రాన్ని కష్టపడి బుర్రలోకి ఎక్కించుకుంటాడు, ఒకసారి ప్రయోగించగానే అది బుర్రలోంచి చెరిగిపోతుంది. గైగాక్స్ అక్కడి రాజ్యాల్ని, మనుషుల్ని తేలేదు. ఆ మతిమరుపును తెచ్చాడు. దానివల్ల మాంత్రికుడు ఆడేవాడు పొద్దున్నే కూర్చుని ఈరోజు ఏం అవసరమవుతుందో ఊహించుకోవాలి. నిప్పు మంత్రమా, తలుపు తీసే మంత్రమా? రెండూ పట్టవు. ఒక కథలోని చిన్న చమత్కారం ఇక్కడ ఆటగాడి టెన్షన్ అయింది. గాయం చేస్తే మళ్లీ పూడ్చుకునే ట్రోల్ అనే జీవి ఆండర్సన్ నవల నుంచి వచ్చింది. అదీ అంతే, దాని రూపం కన్నా దాని గుణం ముఖ్యం. నిప్పు పెట్టాలని తెలియనివాడు రాత్రంతా కత్తి తిప్పుతూనే ఉంటాడు.

స్ఫూర్తిని రెండు రకాలుగా వాడుకోవచ్చు. పేర్లు, బొమ్మలు, చరిత్ర తెచ్చి ఆట మీద రంగు పూయడం ఒకటి. ఆ కథను నడిపించే సూత్రాన్ని పట్టుకుని రూలుగా మార్చడం రెండోది. మన వైకుంఠపాళి తీసుకోండి. పాముల దగ్గర దుర్గుణాల పేర్లు, నిచ్చెనల దగ్గర సద్గుణాల పేర్లు రాసి ఉంటాయి. కానీ ఆడేవాడు సద్గుణాన్ని ఎంచుకోలేడు, పందెం ఎంత పడితే అంత. ఆ పేర్లు చెరిపేసినా ఆట మారదు. అయితే శిఖరం దగ్గరికి వచ్చాక నోరు తెరుచుకుని ఉండే ఆ పెద్ద పాము మాత్రం వేరు. దాని పేరు చదవని పిల్లవాడికి కూడా, అంతా అయిపోయిందనుకున్న చోటే జారిపోవచ్చని ఒంటికి తెలుస్తుంది. పేరు చెప్పలేనిది అది ఉన్న గడి చెప్పింది.

ఇప్పుడు లెక్కల సంగతి. టామ్ మోల్డ్‌వే కూర్పు చేసిన 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ పుస్తకం నా దగ్గర ఉంది. అందులో పోరాటగాడు మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు ఎక్కాలంటే 2000 పాయింట్లు కావాలి. గాబ్లిన్ అనే చిన్న రాక్షసుణ్ణి ఒకణ్ణి ఓడిస్తే వచ్చేది 5 పాయింట్లు. ఒక బంగారు నాణెం తెస్తే 1 పాయింటు. కాగితం పెన్సిలు తీసుకోండి. యుద్ధం చేసి పైకెక్కాలంటే 400 గాబ్లిన్లను ఓడించాలి. మొదటి మెట్టు పోరాటగాడికి ప్రాణం ఎంత? ఎనిమిది ముఖాల డైస్ ఒకసారి వేస్తే ఎంత పడితే అంత. ఒక దెబ్బకు అవతలివాడు మామూలుగా వేసేది ఆరు ముఖాల డైస్. కొట్టుకుంటే రెండో గాబ్లిన్ దగ్గరే కథ ముగియవచ్చు.

అట్ట మీద వీరుడు, డ్రాగన్. లోపలి లెక్క మాత్రం "కొట్టుకోవద్దు, దొంగిలించు" అంటోంది. ఇంకా ఉంది. బంగారం కనిపిస్తే చాలదు, క్షేమంగా బయటికి తెస్తేనే పాయింట్లు. బంగారానికి బరువు ఉంది, పది నాణేలు ఒక పౌను. మనిషి మోయగలిగిన మొత్తం 1600 నాణేల బరువు, అది దాటితే అడుగు కదలదు. బరువు పెరిగేకొద్దీ నడక నెమ్మదిస్తుంది. నడక నెమ్మదిస్తే కాగడాలు ఎక్కువ కాలిపోతాయి, ఒక్కో కాగడా గంటసేపే వెలుగుతుంది. ఎక్కువసేపు లోపల ఉంటే తిరుగాడే జంతువులు తగులుతాయి. అందుకే ఆ ఆట ఆడేవాళ్లు నిద్రపోతున్న రాక్షసుడి పక్కనుంచి చెప్పులు విప్పి నడిచేవాళ్లు, గాబ్లిన్లకు లంచం ఇచ్చేవాళ్లు, గాడిదను బాడుగకు తెచ్చుకునేవాళ్లు. దురాశ, చీకటి, బరువు. ఈ మూడింటి గురించి పుస్తకంలో ఎక్కడా ఉపన్యాసం లేదు. అన్నీ అంకెల్లోనే ఉన్నాయి.

1989 కూర్పులో బంగారానికి పాయింట్లు ఇవ్వడం మీ ఇష్టమన్నారు. 2000లో వచ్చిన మూడో కూర్పు దాన్ని పూర్తిగా వదిలేసి, ఎదురైన సవాళ్లను దాటినందుకు పాయింట్లు ఇచ్చింది. సవాలు అంటే చాలా చోట్ల యుద్ధమే అయింది. అదే డ్రాగన్, అదే గుహ, ఆట మాత్రం వేరు. రాక్షసుడు నిద్రపోతుంటే ఇప్పుడు లేపాలనిపిస్తుంది. కొత్తవాళ్లు ఊరికే కొట్లాటకు దిగుతారని పాతవాళ్లు నొచ్చుకుంటూ ఉంటారు. ఆ తప్పు పిల్లలది కాదు. ఆట దేనికి లెక్క కడితే ఆడేవాళ్లు దాని వెంటే పోతారు.

బావ ప్రొఫెసర్ దగ్గరికి మళ్లీ వస్తాను. ఆ ఆట పేరు కాల్ ఆఫ్ క్తుల్హు. హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ కథల ఆధారంగా శాండీ పీటర్సన్ తయారుచేస్తే 1981లో వచ్చింది. ఆ కథల్లో భయం పళ్లలో, గోళ్లలో ఉండదు. మనిషికి తన లోకం గురించి నిజం తెలియడమే భయం. దాన్ని ఆటలోకి ఎలా తేవాలి? పీటర్సన్ ఒక తీసివేత పెట్టాడు. ఆ నిజాన్ని చెప్పే రహస్య విద్యలో మీ జ్ఞానం ఎంత పెరిగితే, 99 నుంచి అంత తీసేయాలి. ఆ మిగిలింది మీ మతి స్థిమితానికి పైకప్పు. ఎంత విశ్రాంతి తీసుకున్నా, ఎంత వైద్యం చేయించుకున్నా అది దాటి ఎక్కదు. 20 మేర తెలుసుకున్నవాడికి ఇక జన్మలో 79 మించదు. కానీ తెలుసుకోకపోతే ఆ రాక్షసిని ఆపే దారి దొరకదు. చదవాలి, చదివితే పోతాం. ఇంత పెద్ద సాహిత్య భావం ఒక్క తీసివేతలో ఇమిడిపోయింది. ఈ రంగంలో దీనికన్నా అందమైన రూలు నేను చూడలేదు.

డైస్ ఎంపికలో కూడా అభిప్రాయం ఉంటుంది. ఇది చెప్పేటప్పుడు బావ బోర్డు లేకపోయినా బోర్డు ముందున్నట్టే లేచి నిలబడతాడు. ఇరవై ముఖాల డైస్ ఒక్కటి వేస్తే ప్రతి అంకెకూ సమానంగా 5 శాతం అవకాశం. మహావీరుడూ జారిపడవచ్చు, పిరికివాడూ కొట్టేయవచ్చు. ఆరు ముఖాల డైస్ రెండు కలిపి వేస్తే 36 విధాలుగా పడతాయి. వాటిలో 7 ఆరు విధాలుగా, 12 ఒక్క విధంగా వస్తాయి. అంటే ఫలితాలు మధ్యలో గుమిగూడతాయి. విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ దంపతులు 2010లో తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్ ఈ గుమిగూడడాన్నే వాడుకుంది. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే అనుకున్నది అవుతుంది. 6, అంతకన్నా తక్కువైతే గేమ్ మాస్టర్ గట్టి దెబ్బ కొడతాడు. 7 నుంచి 9 అయితే పని అవుతుంది కానీ ఏదో ఒకటి వదులుకోవాలి. డైస్‌కు పైన కలిపే అంకె ఏదీ లేకపోతే 10, ఆ పైన పడేది 36లో 6 సార్లే. మధ్యలో పడేది 15 సార్లు, కింద పడేది 15 సార్లు. లోకం కూలిపోయాక బతుకుతున్న మనుషుల కథ అది. అక్కడ ఏదీ ఊరికే రాదని ఆ 15 చెబుతోంది. పాత పద్ధతిలో కత్తి తగలకపోతే ఏమీ జరగదు, మళ్లీ నీ వంతు వచ్చేదాకా కూర్చోవాలి. ఇందులో ఏమీ జరగకపోవడం అనేదే లేదు.

డైస్ అసలు లేని ఆటలూ ఉన్నాయి. 2005లో వచ్చిన డ్రెడ్‌లో బల్ల మీద చెక్కముక్కల బురుజు ఒకటి పేర్చి పెడతారు. ప్రమాదకరమైన పని చేయాలంటే ఒక ముక్క కిందనుంచి లాగి పైన పెట్టాలి. ఎవరి చేతిలో కూలితే వాళ్ల పాత్ర పోతుంది. అర్ధరాత్రికి ఆ బురుజు జల్లెడలా అయ్యాక గదిలో ఫ్యాన్ ఆపేయమంటారు. ఊపిరి బిగబట్టి చూస్తారు. మిత్రుల్ని కాపాడాలనుకుంటే బురుజును తనే కావాలని తోసేసే హక్కు కూడా ఆటగాడికి ఉంది. ఆ పని గెలుస్తుంది, పాత్ర మిగలదు.

ఇంతా చెప్పాక ఒక అభ్యంతరం న్యాయంగా వినాలి. మంచి గేమ్ మాస్టర్ ఉంటే ఏ రూల్స్ అయినా ఒకటే, అంతా బల్ల చుట్టూ కూర్చున్న మనుషుల్లోనే ఉంటుందని అంటారు. నిజమే, కానీ అప్పుడు బరువంతా ఆ ఒక్కడి గొంతు మీద పడుతుంది. నేలమాళిగ వాసన గురించి నేను పది నిమిషాలు చెప్పి సాధించలేనిది ఒక రూలు అర నిమిషంలో సాధించిందని నాకు అనుభవం. ఇంకో సంగతి ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. రూలు లేకపోవడం కూడా ఒక్కోసారి మేలు చేస్తుంది. 1974 పెట్టెలో దొంగ అనే పాత్ర లేదు. ఉచ్చు కనపడితే ఆటగాడే చెప్పాలి: కర్రతో రాయిని నొక్కి చూస్తున్నాను, నీళ్లు పోసి ఎటు ఇంకుతున్నాయో చూస్తున్నాను, అని. 1975 అనుబంధంలో దొంగ వచ్చాడు, ఉచ్చు విప్పడానికి ఇంత శాతం అని వచ్చింది. ఆ తర్వాత చాలామంది ఆ మాటలు చెప్పడం మానేసి డైస్ అందుకున్నారు. అంకె వేసినచోట సంభాషణ సన్నగిల్లవచ్చు. దేనికి లెక్క పెట్టాలో, దేన్ని మాటలకు వదలాలో తేల్చుకోవడంలోనే తయారీదారుడి తెలివి కనపడుతుంది.

మనుషుల గుణానికే లెక్క కట్టిన ఆట ఒకటుంది. గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో తెచ్చిన పెండ్రాగన్. ఆర్థర్ రాజు, అతని వీరుల కథలు దానికి మూలం. ప్రతి వీరుడికీ 13 జంటల గుణాలు ఉంటాయి: దయ, క్రౌర్యం, వినయం, గర్వం, క్షమ, పగ. ఒక్కో జంట మొత్తం ఎప్పుడూ 20. దయ 12 అయితే క్రౌర్యం 8. ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే. గుణం మామూలుగా ఉన్నంతకాలం మీ ఇష్టం వచ్చినట్టు నడుచుకోవచ్చు. 16కు చేరిందంటే మాత్రం అది పదిమందికీ తెలిసిన గుణం. అప్పుడు సందర్భం వస్తే డైస్ వేయాలి, ఆ గుణం గెలిస్తే పాత్ర దాని ప్రకారమే నడవాలి, మీకు ఇష్టం ఉన్నా లేకపోయినా. మామూలుగా ఏడాదికి ఒక సాహసం, తర్వాత చలికాలం వస్తుంది. పెళ్లి, పిల్లలు, పంట, ముసలితనం అన్నిటికీ డైస్. వీరుడు పోతే కొడుకు ఆ కత్తి అందుకుంటాడు.

నాకైతే ఇది చదివిన రోజు ధర్మరాజు గుర్తొచ్చాడు. అన్నిటా నిగ్రహం ఉన్న మనిషి పాచికల ముందు ఎందుకు ఆగలేకపోయాడు అన్న ప్రశ్నకు ఈ ఆట పద్ధతిలో ఒక ఆకారం దొరికింది. ఆగాలని అనుకోలేదని కాదు, ఆ ఒక్క జంటలో అంకె మరీ ఒకవైపు ఒరిగి ఉంది.

అక్కడినుంచి మాకు పల్నాటి కథ ఆడాలన్న కోరిక పుట్టింది. గురజాల, మాచర్ల, కోడిపందెం, ఏడేళ్ల వలస, కారెంపూడి రణరంగం. బ్రహ్మనాయుడి చాపకూడు. మొదట తెలివితక్కువగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు మీద కట్టాను. బాలచంద్రుడికి కత్తి అంకెలు, ప్రాణం అంకెలు రాశాను. అందరూ బాగానే ఆడారు, అరిచారు, నవ్వారు. కానీ మూడో గంటకల్లా నాయకురాలు నాగమ్మ చివర్లో చంపాల్సిన శత్రువుగా మిగిలింది. కోడిపందెం గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు, దానికి కాగితం మీద చోటే లేదు కాబట్టి.

రెండోసారి పెండ్రాగన్ పద్ధతిలో గుణాల జంటలు రాసుకున్నాం. పౌరుషం, ఓర్పు. మాట, ఎత్తుగడ. ఏడేళ్ల వలసకు కాగితం మీద ఏడు గడులు గీశాం, సెషన్‌కు ఒక గడి. చాపకూడుకు ఒక రూలు పెట్టాను: కులం చూడకుండా ఒకే చాప మీద కూర్చుని తిన్నవాళ్లందరికీ కలిపి ఒక గిన్నెలో చింతపిక్కలు ఉంటాయి, ప్రాణాల మీదికి వస్తే ఎవరైనా ఒకటి తీసుకోవచ్చు. తినడానికి వెనకాడినవాడు గిన్నెలో చెయ్యి పెట్టకూడదు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో మొదటిసారి అందరూ జాగ్రత్తగా చెప్పుకున్నారు.

నాలుగో గడిలో బావ పాత్రను గురజాల మనిషి ఒకడు పదిమందిలో ఎగతాళి చేశాడు. పౌరుషం 17. బావకు కొట్లాట అక్కర్లేదు, రాయబారం చెడిపోతుందని తెలుసు. డైస్ వేశాడు, 9. కత్తి దూయక తప్పలేదు. దూస్తూ "వద్దురా" అని తన పాత్రకే చెప్పాడు.

నాగమ్మ పాత్ర మా పిన్నికూతురు తీసుకుంది. ఆమె షీట్ రాస్తుంటే గొడవ మొదలైంది. మాట, ఎత్తుగడ అన్న జంటలో నాగమ్మకు ఎత్తుగడ 17 అని నేను ముందే వేసి ఉంచాను. "ఆమె తన రాజుకిచ్చిన మాట ఎక్కడ తప్పింది? బ్రహ్మనాయుడు చేస్తే రాజనీతి, ఈమె చేస్తే ఎత్తుగడా?" అని పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసింది. పైన "రాజనీతి" అని రాసింది. సరే, మరి దానికి ఎదురు ఏం రాయాలి? రాజనీతి పెరిగితే తగ్గేది ఏమిటి? బావ "అమాయకత్వం" అన్నాడు. ఆమె "నమ్మకం" అంది. ఇంకొకరు "బంధుత్వం" అన్నారు, తన రాజుకే అల్లుడైన అలరాజుకు విషం పెట్టిన ఘట్టం గుర్తుచేస్తూ. ఒక్కో మాట పెట్టి చూస్తే నాగమ్మ ఒక్కో మనిషిలా కనపడింది, పల్నాటి కథ ఒక్కో కథలా మారింది. రాత్రి ఒంటిగంట అయింది. ఆ గడి పక్కన 17 అని అంకె ఉంది, ఎదురుగా 3 అని ఉంది, 3 పక్కన మాట మాత్రం ఇంకా రాయలేదు.